తిరుపతి జిల్లా మునసబు: ఏ జిల్లా, ఏ మునసబు?

సందేహం: మా తాతగారి ట్రంకు పెట్టెలో 1926 నాటి కోర్టు కాగితం ఒకటి దొరికింది. రెండెకరాల మెట్ట మీద నడిచిన దావా అది. దాని నెత్తిన ‘తిరుపతి జిల్లా మునసబు కోర్టు’ అని రాసుంది. తిరుపతి జిల్లా అయింది 2022లో కదా, దాదాపు వందేళ్ల కిందటి కాగితంలోకి ఆ జిల్లా ఎలా వచ్చింది? పైగా మా ఊళ్లో శిస్తు వసూలు చేసే ఆయన్ని మునసబు అనేవాళ్లు. ఆయన కోర్టులో ఎందుకు కూర్చున్నట్టు? ఇంకొకటి. ఆ కాగితం ఉర్దూ బాగా తెలిసిన స్నేహితుడికి చూపిస్తే, మాటల్లో మాటగా ‘ముద్దాయి అంటే కేసు పెట్టినవాడు, మీ తెలుగువాళ్లు తిరగేసి వాడుతున్నారు’ అన్నాడు. నిజమేనా?
– చంద్రగిరి నుంచి ఒక పాఠకుడు

సమాధానం: ముందు మీ తాతగారి కాగితాన్ని నిర్దోషిగా వదిలేద్దాం. అందులో తప్పేమీ లేదు. చిక్కంతా సమాసాన్ని ఎక్కడ విరవాలన్న దగ్గరే. ‘పాత పుస్తకాల అంగడి’ అంటే పాతవి పుస్తకాలా, అంగడా? బోర్డు రాయించినవాడికి తెలుసు, చదివేవాడు ఊహించుకోవాలి. మీరు ‘తిరుపతి జిల్లా’ దగ్గర విరిచి, ఆ జిల్లాకు ఒక మునసబును, ఆయనకొక కోర్టును ఇచ్చారు. రాసిన గుమాస్తా మనసులోని విరుపు వేరు. ‘జిల్లా మునసబు’ అన్నది ఒక ఉద్యోగం పేరు. ఆ ఉద్యోగి తిరుపతిలో కూర్చునే కోర్టు కాబట్టి అది తిరుపతి జిల్లా మునసబు కోర్టు. అదే కాలంలో మదనపల్లెలోనూ ఒక జిల్లా మునసబు కోర్టు ఉండేది, చిత్తూరులోనూ ఉండేది. ఇవన్నీ 1911లో ఏర్పడిన ఒకే చిత్తూరు జిల్లాలోవి. ఒకే జిల్లాలో ఇంతమంది ‘జిల్లా మునసబు’లు ఉన్నారంటే, ఆ పేరులోని జిల్లా మనమనుకునే జిల్లా కాదని అక్కడే తేలిపోతుంది.

మరి ఏ జిల్లా? ఇందుకు రెండు వందల ఏళ్లు వెనక్కి పోవాలి. ఆర్కాటు నవాబు ఏలుబడిలోని మన ప్రాంతం 1801లో కుంపిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. మరుసటేడే, బెంగాలులో గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ పెట్టిన పద్ధతిని మద్రాసు రాజధానికీ (ప్రెసిడెన్సీకీ) తెచ్చారు. పన్ను వసూలు కలెక్టరు పని, తగవు తీర్చడం జడ్జి పని. ఒక్కో జడ్జికి అప్పగించిన ప్రాంతం జిల్లా. అరబ్బీలో ఈ మాటకు అసలు అర్థం పక్కటెముక. దాని నుంచి పక్క, పక్క నుంచి ఒక భాగం, చివరికి రాజ్యంలో ఒక భాగం. ఈ జిల్లా కోర్టుల మీద అప్పీళ్లు వినడానికి నాలుగు ప్రొవిన్షియల్ కోర్టులు ఉండేవి. వాటిలో మధ్య విభాగం కోర్టు ఉన్నది మన చిత్తూరులోనే. అన్నిటికీ పైన మద్రాసులో సదరు అదాలతు. ‘సదరు’ అంటే అరబ్బీలో రొమ్ము, ఆ పైన ముందుండేది, పైనుండేది. పై కోర్టు గనక అది సదరు. రిజిస్ట్రాఫీసు బయట చెట్టు కింద కూర్చుని దస్తావేజు రాసే ఆయన ఈనాటికీ ‘సదరు ఆస్తి’ అని రాస్తాడే, ఆ సదరూ ఇదే, పైన చెప్పినది అని. 1862లో మద్రాసు హైకోర్టు వచ్చి సదరు అదాలతు పోయింది. మాట మాత్రం దస్తావేజుల్లో మిగిలిపోయింది.

కాగితం మీద ఈ ఏర్పాటు బాగానే ఉంది. నేల మీద కుదరలేదు. వందల ఊళ్లకు ఒక్క జడ్జి. అయిదు రూపాయల బాకీ రాబట్టుకోవడానికి రైతు సద్దిమూట కట్టుకుని రోజుల తరబడి నడిచి జిల్లా కోర్టుకు పోవాలి, సాక్షుల్నీ తన ఖర్చుతో వెంటేసుకుపోవాలి. కోర్టులో దావాలు కుప్పలుగా పేరుకుపోయాయి. దీన్ని గట్టిగా ఎత్తిచూపినవాడు థామస్ మన్రో. కడప వగైరా దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా ప్రధాన కలెక్టరుగా చేసి, ఊళ్లన్నీ గుర్రం మీద తిరిగినవాడు. ఊరి తగవు ఊళ్లోనే తీరాలి, తీర్చేవాడు ఈ దేశస్థుడే కావాలి అన్నది ఆయన వాదం. 1814లో ఆయన్ని న్యాయవిచారణ సంస్కరణల కమిషనుకు పెద్దగా పంపారు. ఫలితం 1816 నాటి రెగ్యులేషన్లు, అంటే కుంపిణీ చట్టాలు. మీ సందేహంలోని ఇద్దరు మునసబులూ పుట్టింది ఆ ఒక్క ఏడాదిలోనే. అన్నదమ్ములన్నమాట.

పెద్దవాడి సంగతి ముందు. 6వ రెగ్యులేషను ప్రకారం ఒక్కో జడ్జి జిల్లాను చిన్న చిన్న ముక్కలు చేసి, ముక్కకొక దేశీయ న్యాయాధికారిని పెట్టారు. మొదట్లో 200 రూపాయల దాకా దావాలు ఆయన వినవచ్చు. ఇంగ్లీషులో ఆ చిన్న ముక్కను ‘డిస్ట్రిక్టు’ అన్నారు, ఉద్యోగిని ‘డిస్ట్రిక్టు మునసబు’ అన్నారు. అప్పటికి పెద్ద ప్రాంతం పేరు ఇంగ్లీషు కాగితాల్లో కూడా ‘జిల్లా’యే కాబట్టి గొడవ లేదు. రానురాను ఇంగ్లీషువాళ్లు ‘జిల్లా’ మానేసి పెద్ద ప్రాంతాన్ని కూడా ‘డిస్ట్రిక్టు’ అనడం మొదలుపెట్టారు. తెలుగులో మనం డిస్ట్రిక్టు కనిపించిన చోటల్లా జిల్లా అని రాసుకున్నాం. దాంతో చిన్న ముక్కకు అధికారి అయిన ఆయన పేరు ముందుకు పెద్ద జిల్లా వచ్చి కూర్చుంది. జిల్లా జడ్జి, జిల్లా మునసబు అని పక్కపక్కన రాస్తే సమాన హోదా అనిపిస్తుంది. నిజానికి ఒకరు జిల్లాలో సివిలు కోర్టులన్నిటికీ పైమెట్టు, ఇంకొకరు కింది మెట్టు.

మన రాష్ట్రంలో ఆ కుర్చీని ఇప్పుడు జూనియర్ సివిల్ జడ్జి అంటున్నారు. తమిళనాడులో డిస్ట్రిక్ట్ మున్సిఫ్ అనే పేరు ఇంకా చాలా కాలం నడిచింది. 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోనే ఉన్న తిరుత్తణి వైపు పాతకాలం పెద్దలతో మాట్లాడి చూడండి, ‘మునసీపు కోర్టు’ అని చక్కగా అంటారు. తిరుపతిలో అయితే ఆ మాట దాదాపు పోయింది. ఆ మధ్య నేను ఆటో ఎక్కి పాత మునసబు కోర్టు వైపు పోనివ్వమంటే కుర్రాడు నేరుగా మునిసిపల్ ఆఫీసు దగ్గర దించాడు. వాడి తప్పేం లేదు, చెవికి రెండూ ఒకటే. మునిసిపల్ లాటిన్ మాట, మునసబు అరబ్బీ మాట. చుట్టరికం లేదు.

అరబ్బీలో అది ‘మున్సిఫ్’. ‘నిస్ఫ్’ అంటే సగం. ఉన్నదాన్ని ఇద్దరికీ చెరిసగం చేసేవాడు, అంటే న్యాయం చేసేవాడు మున్సిఫ్. ‘ఇన్సాఫ్’ అన్నదీ ఆ ధాతువే. మనకు ‘ఫ’ పలకదు. తరఫు మన నోట్లో తరపు అయింది, సాఫు సాపు అయింది, ఫకీరు పకీరు అయ్యాడు. అలాగే మున్సిఫు మునసీపు అయి, ఇంకా మెత్తబడి మునసబు అయింది. కొందరు పండితులు దీన్ని ‘మన్సబు’ నుంచి వచ్చిందని రాస్తుంటారు. మొగలాయీల మన్సబ్‌దార్లు గుర్తుకొచ్చి అలా అనిపిస్తుంది. కానీ మన్సబు అంటే హోదా, పదవి. ధాతువూ వేరు, చరిత్రా వేరు. మన ఊరి మునసబుకు ఏ మొగలాయీ పాదుషా సైన్యం ఇవ్వలేదు. ఆయన చేతి కింద ఉన్నది ఒక తలారి, ఒక వెట్టివాడు.

ఇక చిన్నవాడు, అంటే మీ ఊరి మునసబు. 1816లోనే 4వ రెగ్యులేషను ప్రతి ఊరి పెద్దనూ మునసబు అంది. అప్పటిదాకా ఆయన ఊరి రెడ్డి, లేదా పెద్దకాపు. శిస్తు వసూలు ఎటూ ఆయన పనే. ఆ మనిషి నెత్తినే న్యాయం కూడా పెట్టారు. 10 రూపాయల లోపు సొమ్ము, చరాస్తి తగాదాలు ఆయన వినవచ్చు. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే మధ్యవర్తిగా 100 రూపాయల దాకా. కాబట్టి మీ ప్రశ్న తిరగేసి అడగాలి. శిస్తు వసూలు చేసే ఆయన కోర్టులో ఎందుకు కూర్చున్నాడని కాదు, న్యాయం చెప్పేవాడు అన్న పేరు పెట్టుకున్న ఆయన మన కాలానికి శిస్తు ఒక్కటే ఎందుకు వసూలు చేస్తున్నాడని. జవాబు తేలికే. కోర్టులు దగ్గరయ్యాయి, వకీళ్లు పెరిగారు, 10 రూపాయల విలువ పడిపోయింది. ఆయన చేతిలోని న్యాయం మెల్లగా జారిపోయింది. పేరు, శిస్తు మిగిలాయి.

అదే ఏడాది 11వ రెగ్యులేషను ఈ ఊరి పెద్దకే చిన్న పోలీసు అధికారం కూడా ఇచ్చింది. తిట్టుకోవడం, చిన్నపాటి చేయి చేసుకోవడం లాంటివాటికి మనిషిని 12 గంటలకు మించకుండా ఊరి చావడిలో ఉంచవచ్చు. ‘తక్కువ’ కులంవాడైతే 6 గంటలకు మించకుండా బొండకొయ్యలో వేయవచ్చు. బొండకొయ్య అంటే కాళ్లు దూర్చి బిగించే రంధ్రాల దుంగ. అలాంటి అవమానం ఎవరికి చేసినా తప్పులేదో వాళ్లకే చేయాలన్న అర్థం వచ్చేట్టు ఆ రెగ్యులేషనులోనే రాసుకున్నారు. ‘ఊరి తగవు ఊళ్లోనే’ అన్న మాట వినడానికి ఎంత ముచ్చటగా ఉన్నా, ఆ చావడి మెట్ల మీద ఎవరు కూర్చున్నారో, ఎవరు కింద నిలబడ్డారో మరిచిపోయి మెచ్చుకోలేను. ‘చెరిసగం’ అన్న అర్థం ఉన్న పేరు ఆ కుర్చీకి పెట్టడం, భాష ఆడిన పరాచికమే అనుకోవాలి.

నా చిన్నప్పటి మునసబు నాకు బాగా గుర్తు. కోర్టూ లేదు, కొయ్యా లేదు. అరుగు మీద ఒక డెస్కు, దాని మీద నల్లరంగు వెలిసిన రిజిష్టరు. శిస్తుకు రశీదు రాయడం, జననమరణాలు ఎక్కించడం ఆయన పని. భూమి లెక్కలు కరణం దగ్గర. తలారి వీధి చివర నిలబడి ‘యాడికి బోతా ఉండావు, మునసబు పిలస్తా ఉండాడు’ అని కేకేస్తే, తప్పేం చెయ్యకపోయినా మా నాయన మొహం వాడిపోయేది. ఆ రిజిష్టరులో నా పుట్టిన తేదీ రెండు నెలలు ముందుకు జరిగింది. పొలం పనుల తొందరలో ఒకేసారి నలుగురు పిల్లల్ని ఎక్కించేశాడట. ఆ పొరపాటు వల్ల నేను రెండు నెలలు ముందే రిటైరయ్యాను. ఇన్సాఫ్ అని ఎవర్నడగను! 1984 జనవరి 6న ఒక్క ఆర్డినెన్సుతో ఎన్టీ రామారావు ప్రభుత్వం గ్రామాధికారుల పదవులన్నీ రద్దు చేసింది. అప్పటికి ఆ పేరుకు 168 ఏళ్లు.

రాతలో ఏది వాడాలంటారా? ఊరి అధికారికి మునసబు, కోర్టుకు మున్సిఫ్ అని ఇప్పటికే జనం విడదీసుకున్నారు. ఒక మాట రెండు రూపాలుగా చీలి, చెరొక పనికి కుదురుకుంది. దాన్ని మళ్లీ కలపాల్సిన పని లేదు. పాత కాగితాన్ని ఎత్తి రాసేటప్పుడు మాత్రం అందులో ఉన్నట్టే ఉంచండి.

మీరు అడగకపోయినా మేజిస్ట్రేటు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరం చివర, ఇక్కడ అచ్చు వేయని ముక్కలో, ఆ మునసబును ‘మేజిస్ట్రేటు’ అని కూడా రాశారు. దావాలు వినేవాడు మునసబు, నేరాలు వినేవాడు మేజిస్ట్రేటు. 1802లో జిల్లా జడ్జే మేజిస్ట్రేటు కూడా. 1816లో 9వ రెగ్యులేషనుతో ఆ అధికారం తీసి కలెక్టరుకిచ్చారు. ‘డిస్ట్రిక్ట్ మేజిస్ట్రేట్’ అని కలెక్టరును ఇప్పటికీ అంటున్నది ఆనాటి నుంచి వచ్చినదే. ఆయన కింద తాసీల్దారుకు తాలూకాలో నేరవిచారణ అధికారం ఉండేది. తాసీల్దారు జమాబందీ (శిస్తు లెక్కల తనిఖీ) అని ఊళ్లు పట్టి తిరుగుతుంటే కచేరీలో కేసులు ఆగిపోతాయి గనక, కదలకుండా ఒకేచోట ఉండి కేసులు వినడానికి ఒక సబ్ మేజిస్ట్రేటును పెట్టారు. ఆయన్ని ఇంగ్లీషులో ‘స్టేషనరీ సబ్ మేజిస్ట్రేటు’ అనేవారు. స్టేషనరీ అంటే ఇక్కడ కదలనివాడు. నా విద్యార్థి ఒకడు ఈ మాటను పాత గెజిటులో చూసి ‘కాగితాలు, కలాలు పంచే ఉపన్యాయాధికారి’ అని అనువాదం చేశాడు. నవ్వి ఊరుకున్నాను. ఆ వయసులో నేనూ అంతకంటే బాగా చేసుండను.

మేజిస్ట్రేటును పత్రికలు ‘న్యాయమూర్తి’ అని రాసేస్తుంటాయి. నాకు నచ్చదు. హైకోర్టు, సుప్రీంకోర్టుల్లో ఉండేవారికి న్యాయమూర్తి అని వాడుక కుదిరింది. పైగా 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ మేజిస్ట్రేట్లను రెండు తెగలు చేసింది: కోర్టులో తీర్పు చెప్పేవాళ్లు, ఆఫీసులో శాంతిభద్రతలు చూసేవాళ్లు. ఎన్నికలొస్తే పాత కేసులున్నవాళ్లను తహసీల్దారు ముందు ‘బైండోవర్’ చేశారని వింటుంటాం కదా, అక్కడ ఆయన కూర్చున్నది మేజిస్ట్రేటుగానే. ఆయన్ని న్యాయమూర్తి అనగలమా? మేజిస్ట్రేటును మేజిస్ట్రేటనే రాద్దాం. ఆ మాట మనకు మరీ పరాయిదీ కాదు. దాని లాటిన్ మూలం ‘మాజిస్టర్’. అదే పోర్చుగీసు వాళ్ల నోట మెస్త్రె అయి, మన దగ్గర మేస్త్రి అయింది. ఇంగ్లీషు దారిలో వచ్చి మాస్టరు అయింది. గోడ కట్టేవాడు, పాఠం చెప్పేవాడు, శిక్ష వేసేవాడు ముగ్గురిదీ ఒకే ఇంటిపేరు.

ఇప్పుడు ముద్దాయి. మీ స్నేహితుడు చెప్పింది ఉర్దూలో అక్షరాలా నిజం. దావా, ముద్దాయి ఒకే ధాతువు పిల్లలు. ముద్దయీ అంటే దావా వేసినవాడు. ఎదుటివాడు ‘ముద్దఆ అలైహ్’, అంటే ఎవరి మీద దావా పడిందో అతడు. హిందుస్తానీ కోర్టుల్లో అరిగి అది ముద్దాలేహ్ అయింది. మన దగ్గర ఏమైందంటే, కేసు పెట్టినవాడికి ఫిర్యాది అన్న సులువైన మాట ఉండనే ఉంది. ఖాళీ ఉన్నది రెండోవాడి కుర్చీకే. రెండు మాటలూ ‘ముద్దా’తోనే మొదలవుతాయి. నోరు తిరగని పొడుగు మాట తోక ఊడి పొట్టిదానిలో కలిసిపోయి, అర్థం మాత్రం తనదే నిలుపుకుందని నా అభిప్రాయం. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడే. మనం తిరగేసి వాడటం లేదు, మనకు అది తిరిగే వచ్చింది. ఇందులో సిగ్గుపడాల్సిందీ, దిద్దుకోవాల్సిందీ లేదు. ఉర్దూ అర్థమే సరైనదని పట్టుపట్టి రేపు కోర్టులో ఫిర్యాదుదారును ముద్దాయి అంటే, బోనులో ఎక్కేది మీ స్నేహితుడే.

కోర్టు మాటలకు ఇలా పక్కకు జరగడం అలవాటే. వాయిదా చూడండి. అరబ్బీలో అది మాట ఇవ్వడం, వాగ్దానం. ఫలానా రోజు వస్తానని ఇచ్చిన మాట కాస్తా ఆ రోజుకు పేరైంది, తర్వాత ఆ రోజుకు పని జరగకపోవడానికి పేరైంది. ఒక పంపకాల కేసులో సాక్షిగా నన్ను ఒక కోర్టుకు పదకొండు సార్లు తిప్పారు. డవాలీ బంట్రోతు వరండాలోకి వచ్చి పేరు మూడుసార్లు పిలవడం, నేను లేచి పంచె సర్దుకోవడం, లోపలి నుంచి ‘వాయిదా’ అని వినబడటం. ఆ పదకొండో సారికి ఆ మాటకు వాగ్దానమన్న అర్థం ఏనాడైనా ఉండేదంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

మన సొంత మాటా అంతే. తగవు అంటే తగినది, న్యాయం. న్యాయం చెప్పేవాణ్ణి తగవరి అనేవారు. ఇప్పుడు తగవంటే పోట్లాట. పక్కనే ఉన్న తగాదాను చూసి రెండూ ఒకటే అనుకుంటారు. తగాదా పార్సీ దారిలో వచ్చిన ‘తకాజా’, అప్పిచ్చినవాడు ఇమ్మని వెంటపడటం. రూపం దగ్గరగా ఉండటంతో అర్థాలూ దగ్గరయ్యాయి. సవాలు కూడా ఒకప్పుడు ప్రశ్నే. తిరుమల ఆలయ వ్యవహారాల మీద కుంపిణీ దొరలు ప్రశ్నలు వేసి జవాబులు రాయించుకున్న పట్టీని ‘సవాలే జవాబు పట్టీ’ అంటారు. ఈ శీర్షిక ఆ రోజుల్లో మొదలై ఉంటే దీని పేరూ అదే అయ్యుండేది.

మీ కాగితం దగ్గరికే మళ్లీ వస్తాను. దాన్ని ఇంకోసారి తీసి, వెనకవైపు చూడండి. అమీనా సంతకం ఉందేమో. అమీనా అంటే నమ్మకస్తుడని అర్థం, చేసేది మాత్రం జప్తు. సంతకం పక్కన దండోరా వేయించినట్టు రాసుంటే, ఆ రెండెకరాలూ జప్తుకు వచ్చాయన్నమాట. లేదంటే దావా అక్కడితో ఆగిందో, రాజీ అయిందో లోపలి కాగితాలు చెబుతాయి. ‘అసలు దావా నెంబరు’ అని పైన ఒక అంకె, దాని పక్కన సంవత్సరం ఉంటాయి. నకలు కావాలని అర్జీ పెట్టుకోవాలంటే ఆ రెండూ కావాలి. ఆ ముక్క చిరిగిపోకుండా ఇప్పుడే ఒక ఫొటో తీసి పెట్టుకోండి.